చీటీ చింపిన మూటలు



ఉదయము అంగడి తలుపు తీయకమునుపే మా ఫోనులో నాలుగైదు పాత పాటలు వచ్చి కూర్చుండుట ఇప్పుడు నిత్యకృత్యమైనది. ఒకరు పద్యనాటకపు ముక్క పంపుదురు. ఒకరు హరికథ పంపుదురు. మరియొకరు ఏనాటిదో నలుపు తెలుపుల చలనచిత్రపు తునక పంపి, ఇది ఎచ్చటను దొరకదు, వెంటనే పదిమందికి పంపుడని వ్రాయుదురు. షోలాపూరునుండి బయలుదేరిన పాట హోసూరునకు పోవును. హోసూరునుండి బరంపురమునకును, అచ్చటినుండి యానామునకును పోవును. సాయంకాలమునకు తిరిగి మా బళ్ళారికే వచ్చును. మంచిదే. అటకలమీద దుమ్ములో మూలుగుచున్న గొంతులు బయటికి వచ్చుచున్నవి గదా యని సంతసించినవారిలో మేమును ఉంటిమి. ఈ వేడుకను నిందించుటకు మేము కలము పట్టలేదు. కాని గత సంవత్సరము మాకు కలిగిన యొక అనుభవము మా సంతోషమునకు గండి కొట్టినది. ఆ సంగతి చెప్పి, దానిపై మా యభిప్రాయమును మొగమోటము లేకుండ వ్రాయదలచినాము. కొందరు మిత్రులకు కోపము రావచ్చును. రానిండు.

మా వీధిలో ఒక పెద్దాయన యుండెడివారు. ఆయనకు గ్రామఫోను పిచ్చి. మా చిన్నతనమున సాయంకాలము దీపాలవేళ ఆయన యింట పెట్టె మ్రోగుచుండగా, గోడ కీవల మేము పాఠము చదువుచున్నట్లు నటించుచు పద్యములు వినెడివారము. ఆయన పోయిన పిదప కుమారులు ఇల్లు ఖాళీ చేసిరి. వారు దూరప్రాంతముల ఉద్యోగములలో నున్నవారు. రెండు దినములలో పని ముగించుకొని పోవలసినవారు. పాతసామానువాడు వచ్చినాడు. ఇత్తడి తూచినాడు, కాగితము తూచినాడు. గ్రామఫోను ప్లేట్ల పెట్టెను మాత్రము తూచలేదు; వానికి వెల లేదన్నాడు. పోనిమ్మని ఊరకయే బండిలో వేయించిరి. ప్లేట్లమీది కాగితపు సంచులను కాగితములో కలిపినాడు. ప్లేట్లు బండిలోనే పగిలినవి. సంగతి తెలిసి మరునాడు మేము వాని కొట్టునకు పోవునప్పటికి, అరచందమామవలె విరిగిన యొక ముక్క మాత్రము మా చేతికి వచ్చినది. దానిమీద చీటీ సగమున్నది. తక్కిన సగము, అనగా పాడినవారి పేరున్న సగము, ఏ చెత్తకుప్పలో కలసినదో!

తరువాత నాలుగు నెలలకు, ఒక రాత్రి, మా మేనల్లుడు పంపిన తునకలో అదే గొంతు వినబడినది. అదే పద్యము. అదే ఆలాపన చివర గొంతు కొంచెము జీరపోవుట. మేము కుర్చీనుండి లేచితిమి. ఆ గొంతును గోడ కీవలనుండి ఎన్ని వందల సాయంకాలములు వింటిమో మాకే తెలియును. కాని వచ్చినది నలువది క్షణముల ముక్క. దానిమీద ఎవడో పురుషుడు తన ప్రదర్శనశాల పేరును ముమ్మారు చాటినాడు. బొమ్మగా సంబంధము లేని యొక సినిమా నటీమణి ముఖము పెట్టినాడు. పైన ఇంగ్లీషక్షరములతో, అరుదైన దక్షిణభారత ప్రాచీనగీతమని అర్థమిచ్చు నాలుగు మాటలు వ్రాసినాడు. క్రింద చదువరులు వాదులాడుచున్నారు. ఒకరు అది తమిళమన్నారు. ఒకరు కన్నడమన్నారు. ఒకరు, భాష యేదైన నేమి, మాధుర్యము చూడుడన్నారు. అది తెలుగని చెప్పినవాడు ఒక్కడున్నాడు. వానిమాట వినువారు లేరు.

మేమా సేకర్తకు వ్రాసితిమి. అయ్యా, మీవద్ద పూర్తి ప్లేటు ఉన్నట్లున్నది. చీటీమీద పాడినవారి పేరు, ప్లేటు నంబరు దయచేసి తెలుపుడు అని వేడితిమి. నెలకింత అని చందా కట్టినవారికే వివరములు ఇత్తుమని జవాబు వచ్చినది. కట్టితిమి. కట్టిన పిదప పాట పూర్తిగా వచ్చినది, చీటీ బొమ్మయు వచ్చినది. కాని పేరుండవలసిన చోట ఆయన తన ముద్రను అడ్డముగా కొట్టుకొనినాడు! మరల వ్రాసితిమి. నంబరు తెలిసినచో ఇతర సేకర్తలు దానిని పట్టుకొని వెదకుదురనియు, అప్పుడు తనవద్దనున్న దానికి అరుదుతన ముండదనియు సెలవిచ్చినాడు. ఆయన పేరు మేమిచ్చట వ్రాయము. ఆయన ఒక్కడే యైనచో ఈ వ్యాసము వ్రాయు పనియు లేదు.

మేము బట్టల వర్తకులము. మా వర్తకములో ఒక మూట వచ్చినదనగా దానిమీద మార్కా ఉండవలెను, ఏ యూరి మిల్లునుండి వచ్చినదో ఉండవలెను, ఎన్ని తానులో ఉండవలెను. చీటీ చింపిన మూటను ఎంత చవుకగా ఇచ్చినను పెద్దవర్తకుడు దించుకొనడు. ఎందుకనగా, చీటీ చింపినవాడు రెండు కారణములతోడనే చింపును: అది దొంగసరుకైన యుండవలెను, లేక దానిని మరియొక సరుకుగా అమ్మవలెనను తలంపైన ఉండవలెను. ఈ సంగతి సంతలో గుడ్డ అమ్ము పిల్లవానికి కూడ తెలియును. పాటల విషయములో మాత్రము మనకు తెలియకపోవుట వింత. సరుకు నచ్చినది గదా, చీటీ ఎందుకనువారికి మే మడుగునది ఇది: మీ తండ్రిగారి ఛాయాపటమును ఎవరో చక్కగా తుడిచి, అద్దము కట్టించి, క్రింద "ఒక పాతకాలపు పెద్దమనిషి" అని వ్రాసి వీధిలో వ్రేలాడదీసిన యెడల, పటము బాగున్నదని మెచ్చుకొని పోవుదురా?

ఈ ప్లేట్ల చరిత్ర ఎరిగినవారికి ఒక విషయము గుర్తుండును. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీవారి గైస్‌బర్గు కలకత్తాకు వచ్చి పాటలు పట్టినప్పుడు గౌహర్ జాన్ పాడినది. పాట ముగిసిన వెంటనే, నా పేరు గౌహర్ జాన్ అని ఆమె ఇంగ్లీషులో బిగ్గరగా పలికినది. అది డాంబికము గాదు. ఇచ్చట పట్టిన మైనపు పలకలు జర్మనీలోని హానోవరు నగరమునకు పోయి అచ్చట ప్లేట్లుగా తయారగుచుండెను. అచ్చటి పనివారికి మన భాష తెలియదు, మన మనుష్యులు తెలియరు. ఏ పాట ఎవరిదో కలగాపులగము కాకుండుటకు గాయనీగాయకులు కడపట తమ పేరు తామే చెప్పుట ఆనాటి వాడుక. మూడు నిమిషములకు మించి పట్టని ప్లేటులో, ఒక్కొక్క క్షణము ప్రాణప్రదమైన చోట, పేరునకు తావిచ్చిరి. సముద్రములు దాటి పోవు పాట తన పేరును తన కొంగున కట్టుకొని పోయినదన్నమాట. నూరేండ్లు గడచిన పిదప, ప్రపంచమంతయు అరచేతిలోనికి వచ్చిన ఈ దినములలో, మనవారు ఆ కొంగుముడి విప్పి పేరును పారవేయుచున్నారు. కడపటి ప్రకటనను కోసివేసిన తునకలు మేమే కొన్ని విన్నాము. పాట కాదు గదా యని కోసిరట!

పేరు కోసివేయుట ప్లేట్లతో పుట్టిన జాడ్యము గాదు. తంజావూరులో ప్రతాపసింహ మహారాజు కాలమున ముద్దుపళని 'రాధికాసాంత్వనము' రచించినది. తమిళదేశము నడుమ తెలుగు కావ్యము; అదియు నొక స్త్రీ వ్రాసినది. 1887లో వెలువడిన ముద్రణములో, ఆమె తన వంశమును, తనవారిని చెప్పుకొన్న పీఠికయు, కొన్ని పద్యములును విడువబడినవి. బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతి సంపాదించి, అచ్చుప్రతితో పోల్చి చూచి, లోపించినవానిని చేర్చి 1910లో వావిళ్ళవారిచేత పూర్తిగా ప్రకటింపించిరి. దొరతనమువారు నిషేధించిరి. ఆ నిషేధము 1947లో గాని తొలగలేదు. మా దృష్టిలో నాగరత్నమ్మగారే ఈ సేకర్తలందరకు గురుస్థానము. ఆమెకు అరుదైన వ్రాతప్రతి దొరికినది. దానిని పెట్టెలో పెట్టి, నావద్ద మాత్రమే కలదని చెప్పుకొని తిరుగవచ్చును. నాలుగు రసవత్తరమైన పద్యములు ఏరి సభలలో చదివి మెప్పు పొందవచ్చును. ఆమె అట్లు చేయలేదు. కోసిన పీఠికను మరల కుట్టినది. ఇది ముద్దుపళనిది, ఈమె ఇట్టివారి బిడ్డ అని లోకమునకు చెప్పినది. నాగరత్నమ్మగారు గ్రామఫోను ప్లేట్లకు పాడినవారు కూడ. చీటీమీద పేరు ఉండుట యననేమో, లేకపోవుట యననేమో ఆమెకు తెలిసినంతగా వేరొకరికి తెలియదు.

ఇప్పుడు మనకు ప్రత్యేకముగా సంబంధించిన మాట. గుంటూరులోనో కాకినాడలోనో ఒక పాత పాటకు చీటీ పోయినచో నష్టమే; కాని అది తెలుగు పాట యనుటకు ఊరంత సాక్ష్యము. మన సంగతి అట్లుగాదు. మనము నివసించునవి ఇతర భాషల రాష్ట్రములు. ఇచ్చటి పెట్టెలో దొరికిన ప్లేటునకు చీటీ పోయినచో, దొరికిన ఊరే దాని భాష యగును. బళ్ళారిలో దొరికినది కన్నడ మనిపించుకొనును. సేలములో దొరికినది తమిళ మనిపించుకొనును. ముద్రించిన చోటునుబట్టి ఊహించుదమన్న నదియు కుదరదు. ఆనాటి తెలుగు ప్లేట్లు అనేకములు మద్రాసులో పాడించి, కలకత్తా దగ్గర డండములో అచ్చొత్తినవి. ఈ మధ్య ఒకరు చీటీపై డండము అని యుండుట చూచి, ఇది వంగదేశపు పాటయేమో యని సందేహము వెలిబుచ్చిరి! నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు.

మా సోదర కన్నడిగులమీద గాని, తమిళులమీద గాని మాకు లేశమైనను ద్వేషము లేదని స్పష్టముగా చెప్పుచున్నాము. వారు తమది కానిదానిని తమదని అపహరించుచున్నారని మేమనుట లేదు. పేరు లేని బిడ్డను ఎవరో ఒకరు చేరదీసి తమ పేరు పెట్టుదురు; అది వారి తప్పు గాదు, పేరు తీసివేసినవాని తప్పు. ఈ విషయములో తమిళులయొద్ద మనము నేర్చుకొనవలసినది చాల గలదు. చెట్టినాటిలో కోట్టయూరున రోజా ముత్తయ్య చెట్టియారు అను నాయన బోర్డులు వ్రాయు చిత్రకారుడు. లక్షాధికారి గాడు. పుస్తకములు, పత్రికలు సరే. నాటకముల కరపత్రములు, పాటల పుస్తకములు, పెండ్లి శుభలేఖలు కూడ దాచినాడు. ఆయన 1992లో గతించిన తరువాత ఆ సంపుటమంతయు చెదరిపోక 1994లో మద్రాసున గ్రంథాలయమైనది. మన వేటపాలెములో 1918నాటి సారస్వతనికేతనము పాతపత్రికలను కాపాడిన తీరు అట్టిదే. కాని వేటపాలెము ఆంధ్రదేశమున నున్నది. రాష్ట్రము వెలుపలనున్న మన ఊళ్ళలో అట్టి పని ఎవరు చేసిరి? బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు, కోలాచలము శ్రీనివాసరావుగారు తెలుగు నాటకమునకు ప్రాణముపోసిరి. బళ్ళారి రాఘవగారు అదే రంగమునుండి వచ్చి 1939లో 'రైతుబిడ్డ' చిత్రములో నటించిరి. 1953 అక్టోబరు 1న ఈ ఊరు మైసూరు రాష్ట్రములో చేరినది. అంతకుముందు ఇచ్చట తెలుగు నాటకము లేకుండెనా యని నేటి కుర్రవాడు అడిగినప్పుడు, ఉండెనని నోటిమాటగా చెప్పుటకన్న, ఒక ప్లేటు తీసి, ఇదిగో చీటీ, ఇదిగో పేరు అని చూపుట మేలుగదా.

పోయినదాని గతి ఎట్లుండునో ఒక దృష్టాంతము చాలును. 1931లో వచ్చిన 'కాళిదాస్' అను చిత్రములో తమిళమును తెలుగును కలసి వినబడినవి. నేడా చిత్రప్రతి దొరకుట లేదు. అందులో తెలుగుండెనని మనము చెప్పుకొనగలుగుట ఆనాటి పత్రికలలోని వ్రాతలవలన, ప్రకటనలవలన. బొమ్మ పోయినను ప్రక్కనున్న కాగితము సాక్ష్యమిచ్చినది. మనవారు పెట్టెలోని ప్లేట్లను పగులగొట్టి, సంచుల కాగితమును తూకమునకు వేయుచున్నారు. అటు బొమ్మయు లేదు, ఇటు కాగితమును లేదు.

సేకర్తలపక్షమున చెప్పు మాటలను మేము వినకపోలేదు. ఒకరు మా సభలో లేచి, వారు చేతిడబ్బు పెట్టి కొనుచున్నారు, రాత్రులు కూర్చుండి తుడుచుచున్నారు, యంత్రములకు వేలు ఖర్చుపెట్టుచున్నారు, వారికి ప్రతిఫల ముండరాదా యని ప్రశ్నించిరి. తప్పక ఉండవలెను. లాభము తీయరాదని వర్తకులమైన మేము చెప్పుదుమా? పాటకు చందా పెట్టుకొనుడు. శుభ్రము చేసిన ప్రతికి వెల పెట్టుకొనుడు. పాట మొదట మీ పేరు ఒక్కమారు చెప్పుకొనుడు, వినుదుము. ప్లేటు మీది, కష్టము మీది. పాడిన తల్లి పేరు మాత్రము మీది గాదు. మీరు కొన్న వస్తువులో ఆ పేరు అమ్మకమునకు రాలేదు.

ఇంకొకరు చట్టము మాట యెత్తిరి. 1957 నాటి చట్టప్రకారము ధ్వనిముద్రణపు హక్కు, అది ప్రకటింపబడిన మరుసటి సంవత్సరమునుండి 60 ఏండ్లుండును. అనగా 1960లో వచ్చిన ప్లేటుమీది ధ్వనిహక్కు 2020తో ముగిసినది. పాట వ్రాసినవారి హక్కు వేరు. అది వారి జీవితకాలముపైన 60 ఏండ్లుండును. ఈ లెక్క కట్టవలెనన్న ఏమి తెలియవలెను? ప్లేటు ఏ యేటిదో, పాట ఎవరు వ్రాసిరో తెలియవలెను. చీటీ చింపినవాడు ఆ లెక్కకు ఆధారమునే చింపినాడు! చట్టభయముచేతనే పేరు దాచుచున్నామనువారు, చట్టమును పాటించు మార్గమును కూడ దాచుచున్నారని గ్రహింపవలెను.

మూడవ మాట మా సంఘములోని వృద్ధులనుండియే వచ్చినది. ఈ పాత పద్యములు నేటి పిల్లలెవరు వినుదురు, ఎందుకీ ఆరాటమనిరి. ఈ మాటకు మేము గట్టిగా అడ్డము చెప్పుచున్నాము. మన పిల్లలలో ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో కన్నడమో తమిళమో మరాఠీయో ఒరియాయో ఇంగ్లీషో చదువువారు ఎందరో! వారికి పలుకు వచ్చును, లిపి రాదు. తెలుగు పుస్తకము వారిముందు పెట్టిన అది తాళము వేసిన పెట్టె. పాట అట్లు గాదు. చెవికి తాళము లేదు. షోలాపూరు పద్మశాలీ కుటుంబమునకు చెందిన యొక కుర్రవాడు, తెలుగక్షరము ఒక్కటియు రానివాడు, పద్యనాటకపు పాటను వరుస తప్పక పాడగా మేము విన్నాము. ఎక్కడ నేర్చితివని అడిగితిమి. ఫోనులో నన్నాడు. ఎవరు పాడినది అని అడిగితిమి. తెలియదన్నాడు. ఏ నాటకమన్న తెలియదన్నాడు. అది తెలుగని నీకెట్లు తెలిసినదనగా, మా అవ్వ మాటలవలె నుండెనన్నాడు. ఆ కుర్రవాని జవాబు విని మేము చాలసేపు మాటలాడలేకపోతిమి. అవ్వ మాటలనుబట్టి గుర్తుపట్టగల తరము ఇదియే కడపటిదేమో. వాని బిడ్డకు ఆ గుర్తు కూడ ఉండదు. అప్పటికి చీటీ యొక్కటే దిక్కు.

చిన్న చీటీ ఎంత పని చేయునో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు చూపిరి. ఆయన మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పినవారు; మనవలెనే రాష్ట్రము వెలుపల జీవించిన తెలుగువారు. తిరుమల రాగిరేకులపై అన్నమాచార్యుల సంకీర్తనలు దొరికినవి గాని వాని స్వరములు దొరకలేదు. ప్రతి పాటకు తలమీద రాగము పేరు మాత్రము చెక్కియున్నది. ఆ ఒక్క మాట ఆధారముగా శర్మగారు ఎన్నో సంకీర్తనలకు స్వరకల్పన చేసిరి. ఆనాడు రేకులు చెక్కినవాడు, పాట యుండగా రాగము పేరెందుకు, రాగి ఖర్చు గాదా యని తలచియున్నచో?

మరియొక చేదుమాట కూడ చెప్పవలసియున్నది. దొంగ వాడే యని సేకర్తను చూపి కేకలు వేయుట సులభము. ఆ పెద్దాయన పెట్టె ఇరువది యేండ్లు మా గోడ కావల నుండెను. మేము ఒక్కనాడును పోయి, అయ్యా, మీ ప్లేట్ల పట్టిక వ్రాసుకొందుమా యని అడుగలేదు. పండుగకు పోయితిమి, పరామర్శకు పోయితిమి, చందాకు కూడ పోయితిమి! పట్టికకు పోలేదు. ఏటేట ఉగాదికి వేదికకట్టి, పూలదండలు తెచ్చి, తెలుగు తల్లిని పొగడితిమి. ఆ సేకర్త డబ్బుకొరకు పేరు దాచినాడు. మేము డబ్బు లేకుండగనే, ఉత్త నిర్లక్ష్యముతో పోగొట్టితిమి. ఇద్దరిలో ఎవరు ఎక్కువ అపరాధులో చదువరులే తేల్చవలెను. మా సంఘసభ్యులలో కొందరు ఈ వాక్యమును కొట్టివేయుమని కోరిరి. కొట్టివేయలేదు.

ఫోనులో పంపువారును ఈ పాపములో కొంత పంచుకొనవలసినవారే. వచ్చిన ముక్కను చూడకయే పదిమందికి త్రోయుట సేవ గాదు. పంపునప్పుడు పాడినవారి పేరు తెలిసిన తెలుగులో వ్రాయుడు. తెలియనిచో తెలియదని వ్రాయుడు; తోచిన పేరు తగిలింపకుడు. తప్పు పేరు పేరులేమికన్న చెరుపు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియావారు వేలకొలది తెలుగు పుస్తకములను పుటపుటయు బొమ్మ తీసి మహోపకారము చేసిరి. కాని పుస్తకముల పేర్లను ఇంగ్లీషక్షరములలో ఎక్కించినవారికి తెలుగు రాకపోవుటచే, ఒక్కొక్క పేరు గుర్తుపట్టరానంత వికారమైనది. ఉన్న పుస్తకము వెదకినవానికి కనబడక పోయినది. పుస్తకమునకు గుడ్డలు మార్చి సంతలో వదలినట్లయినది.

మా సంఘము చేయదలచిన పని చిన్నది. ప్రతి నెల రెండవ ఆదివారమున, మా కార్యాలయపు ముందుగదిలో, ఎవరింట పాత ప్లేట్లున్నను తెచ్చుకొనవచ్చును. మేము పుచ్చుకొనము, దాచము, అమ్మము. ప్లేటు రెండువైపుల చీటీలకు ఛాయాచిత్రము తీసి, చీటీ కవతల నున్నని భాగములో గీరిన అంకెలను వ్రాసుకొని, అది ఏ యూరిలో ఎవరింట నుండెనో వారి సమ్మతితో కలిపి, పాటతోపాటు అంతర్జాలమున ఉచితముగా నుంచెదము. ప్లేటు మీ చంకన పెట్టుకొని మీరే ఇంటికి తీసికొనిపోవచ్చును. తెచ్చువారికి మూడు జాగ్రత్తలు. దుమ్మున్నదని స్పిరిటుతో తుడువవలదు. ఆ ప్లేట్లు లక్కతో చేసినవి, స్పిరిటు తగిలిన లక్క కరగును, పాట దానితోనే కరగును. ఒకదానిపై నొకటి పేర్చియు తేవలదు. పుస్తకములవలె నిలువుగా పెట్టి తెండు. ఇంటనున్న క్రొత్తరకము యంత్రముమీద పెట్టి చూడవలదు. దాని ముల్లు సన్నము, ఈ ప్లేట్ల గాడి వెడల్పు, రెంటికిని చేటు. తగిన ముల్లు గల యంత్రము నొకదానిని చందాలతో తెప్పించినాము. దాని లెక్క వచ్చేవారము ఈ పత్రికలోనే ప్రకటించెదము.

సేకర్తలును రావచ్చును. వారిని ఎవరును నిష్ఠురమాడరు, కాఫీ ఇచ్చెదము. చీటీ చూపిన చాలును.

ఆ విరిగిన ముక్క మా అంగడిలో గల్లాపెట్టె ప్రక్క అలమారలో నున్నది. దాని చీటీమీద మిగిలినవి ఇవి: 'తెలుగు' అను మాట; దాని క్రింద 'నాటక పద్యములు' అని; అంచున నాలుగు, ఏడు అను రెండంకెలు; పాడినవారి పేరులో కడపటి యక్షరము 'మ్మ'. ఆ అక్షరమునకు ముందేమున్నదో ఎరిగినవారు, ఆ ప్లేటు పూర్తిగా గలవారు ఏ యూరిలో నున్నను, ఈ పత్రిక చిరునామాకు ఒక కార్డు వ్రాయ గోరుచున్నాము.